వేడి పుట్టించే బట్ట: విద్యుద్వాహక పాలిమర్ పూత వస్త్రాలు

నూలు, ఉన్ని, పట్టు, జనపనార, పాలిస్టర్ వంటి మామూలు బట్టల మీద కరెంటు పారే పాలిమర్‌ను పలచని పూతగా పట్టించి, ఆ పూతలో పుట్టే వేడిని వాడుకునే వస్త్రాలివి. వీటికీ చలికాలం మనం కప్పుకునే గొంగళికీ మౌలికంగా తేడా ఉంది. గొంగళిలో వెచ్చదనం గొంగళిది కాదు, కప్పుకున్న మనిషిది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి బయటికి పోతూ ఉంటుంది. ఉన్ని పోగుల మధ్య ఇరుక్కున్న గాలి ఆ వేడిని పట్టి ఉంచుతుంది, అంతే. మంచు కొండ మీద గంటల తరబడి కదలకుండా నిలబడే సిపాయికి, ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్న రోగికి ఒంట్లో పుట్టే వేడి చాలదు. అక్కడ బట్టే కుంపటి కావాలి.

ఇందుకు ఎక్కువగా వాడిన పాలిమర్లు మూడు: పాలీపిర్రోల్, పాలీఅనిలీన్, పెడాట్. వేడి బట్టల పరిశోధనలో పెద్దపీట పాలీపిర్రోల్‌కే దక్కింది కాబట్టి ఈ వ్యాసంలోనూ దానికే ఎక్కువ చోటు.

తారులో దొరికిన రెండు రంగులు

ఈ కథ ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి లాంటి ఊరి నుంచి మొదలుపెడితే వింతగా తోచవచ్చు. వేసవిలో 45 డిగ్రీలు తాకే ఆ ఉక్కు నగరంలో కరెంటుతో వేడెక్కే చొక్కా ఎవరికి కావాలి? కొలిమి ముందు నిలబడే కార్మికుడు తొడిగేది దీనికి సరిగ్గా ఎదురు రకం. అల్యూమినియం పూత మెరిసే ఆ కోటు పని వేడిని తిప్పికొట్టడం. అయితే వేడినిచ్చే బట్టకు మూలమైన రెండు అణువులూ మొదట దొరికింది బొగ్గుతారులో. ఆ తారు పుట్టే చోటు కోక్ ఓవెన్.

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వెళ్లి అక్కడి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ప్లాంటు అంటే పట్టాలు, ప్లేట్లు, వైర్ రాడ్లు. కానీ ఇనుము కరగాలంటే ముందు బొగ్గు కోక్ కావాలి. గాలి తగలకుండా మూసిన ఓవెన్లలో బొగ్గును 1000 డిగ్రీలకు పైగా గంటల తరబడి కాలిస్తే గట్టి కోక్ మిగులుతుంది, ఆవిరులు పైకి పోతాయి. ఆ ఆవిరులను చల్లార్చి వడగడితే టన్ను బొగ్గుకు 30 నుంచి 40 కిలోల నల్లటి తారు వస్తుంది. దాంతోపాటు బెంజీన్, టోలుయీన్, నాఫ్తలీన్ దొరుకుతాయి. అమ్మోనియాను గంధకామ్లంలో పట్టి అమ్మోనియం సల్ఫేట్ ఎరువుగా మారుస్తారు. కోక్ ఓవెన్ ఉన్న ప్రతి ఉక్కు కర్మాగారంలోనూ, భిలాయిలోనూ, ఇది ఉప ఉత్పత్తుల విభాగం రోజువారీ పని. ఉక్కు గొప్పల్లో ఎవరికీ గుర్తుకురాని విభాగం కూడా ఇదే.

1834లో జర్మన్ రసాయనజ్ఞుడు ఫ్రీడ్‌లీబ్ ఫెర్డినాండ్ రూంగె ఈ తారునే తవ్వుతూ కూర్చున్నాడు. అందులోంచి తీసిన ఒక పదార్థానికి బ్లీచింగ్ పౌడర్ తగిలిస్తే నీలం రంగు వచ్చింది. మరొకదాని ఆవిరి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో తడిపిన దేవదారు పుల్లకు తగిలితే పుల్ల ఎర్రబడింది. నిప్పులాంటి ఎరుపును చెప్పే గ్రీకు మాటతో ఈ రెండోదానికి పిర్రోల్ అని పేరు పెట్టాడు. వేడి పుట్టించే బట్టకు ప్రాణమైన అణువు పేరులోనే నిప్పు ఉండటం కాకతాళీయమే అయినా బాగుంది. నీలం రంగునిచ్చిన మొదటిదే ఇవాళ మనం అనిలీన్ అంటున్నది. నీలిమందు నుంచి కూడా అదే పదార్థం వచ్చేది కనుక, నీలిమందుకు యూరప్‌లో ఉన్న 'అనిల్' అనే మాట మీదుగా ఆ పేరు స్థిరపడింది. ఆ మాట అరబ్బీ దారిన వెనక్కి నడిస్తే మన 'నీలం' దగ్గరికే చేరుతుంది.

ఇప్పుడు ఈ రెండింటినీ తారులోంచి పిండుకోరు. అనిలీన్‌ను బెంజీన్ నుంచి చేస్తారు. ముందు బెంజీన్‌ను నైట్రోబెంజీన్‌గా మార్చి, తరువాత దాన్ని క్షయకరిస్తారు. ఈ రెండో అడుగుకు 1854లో బెషాం అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఇనుప రజను వాడాడు, చాలాకాలం పరిశ్రమ అదే దారిలో నడిచింది. పిర్రోల్‌ను ఫ్యురాన్, అమ్మోనియాలను కలిపి చేస్తారు. ఫ్యురాన్‌కు మూలం ఫర్ఫురాల్, ఫర్ఫురాల్‌కు మూలం మొక్కజొన్న బెండ్లు, చెరకు పిప్పి, వరి ఊక. ఛత్తీస్‌గఢ్‌ను 'ధాన్ కా కటోరా', అంటే ధాన్యపు గిన్నె అంటారు. ఊక, అమ్మోనియా, బెంజీన్, ఇనుము ఆ ఒక్క ప్రాంతంలోనే గుట్టలు పడి ఉన్నాయి. ముడిసరుకు లెక్క చూస్తే వేడి బట్టకు ఇంతకంటే సొంత ఊరు దొరకడం కష్టం.

ప్లాస్టిక్‌లో కరెంటు

పాలిమర్ అంటే మనకు తెలిసింది కరెంటును ఆపేది. తీగ మీది తొడుగు, స్విచ్చు డబ్బా అన్నీ అవే. అలాంటి జాతిలో కరెంటు పారేది ఉందని లోకం ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

1862లో లండన్‌లో హెన్రీ లెథబీ అనిలీన్‌ను గంధకామ్లంలో కలిపి కరెంటు పంపితే ఎలక్ట్రోడు మీద నీలి ఆకుపచ్చ పొర కట్టింది. మరుసటి ఏడు ఇంగ్లండులోనే జాన్ లైట్‌ఫుట్ నూలుబట్ట పోగుల మీదే అనిలీన్‌ను ఆక్సీకరించి, చెరగని నల్లరంగు వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 'అనిలీన్ బ్లాక్' పేరుతో గొడుగు గుడ్డల దాకా పాకిన ఆ రంగు పాలీఅనిలీన్ కుటుంబానిదే. పూర్తిగా ఆక్సీకరణ చెందిన రూపం కాబట్టి దానిలో కరెంటు బాగా పారదు, అది వేరే సంగతి. కానీ పోగు మీదే పాలిమర్‌ను పుట్టించి బట్టకు అంటించే పనిని అద్దకం వాళ్లు రసాయన శాస్త్రవేత్తలకంటే నూరేళ్ల ముందే చేసి చూపించారు. ఈ విషయం వాహక పాలిమర్ల చరిత్రల్లో ఒక్క వాక్యంలో తేలిపోతుంటుంది, అది అన్యాయం.

1963లో ఆస్ట్రేలియాలో డొనాల్డ్ వైస్ బృందం అయొడిన్ కలిసిన పాలీపిర్రోల్‌లో కరెంటు బాగా పారుతోందని ప్రకటించింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1977లో షిరకావా, మెక్‌డియార్మిడ్, హీగర్ పాలీఅసిటిలీన్‌కు అయొడిన్ ఆవిరి పట్టించి దాని వాహకతను కోట్ల రెట్లు పెంచాక గానీ ఈ రంగం వెలుగులోకి రాలేదు. ముగ్గురికీ 2000లో రసాయన శాస్త్ర నోబెల్ దక్కింది. పాలీఅసిటిలీన్ గాలి తగిలితే పాడైపోయే సుకుమారి. బట్టకు పనికొచ్చినవి గాలిలో కాస్త నిలబడగల పాలీపిర్రోల్, పాలీఅనిలీన్, 1980ల చివర్లో బేయర్ కంపెనీలో పుట్టిన పెడాట్.

వీటిలో కరెంటు పారడానికి రెండు షరతులున్నాయి. కర్బన గొలుసులో ఒంటి బంధం, జంట బంధం ఒకదాని తరువాత ఒకటి వరుసగా రావాలి. ఆ గొలుసు నుంచి కొన్ని ఎలక్ట్రాన్లను లాగేసి ఖాళీలు చేయాలి. నిండుగా కిక్కిరిసిన బస్సులో ఎవరూ కదలలేరు, ఇద్దరు దిగితే మిగతావాళ్లు సర్దుకుంటూ జరుగుతారు. ఈ ఖాళీలు చేయడాన్నే డోపింగ్ అంటారు. ఎలక్ట్రాను పోయిన చోట గొలుసు మీద ధనావేశం మిగులుతుంది. దాన్ని తూచడానికి పక్కనే ఒక రుణ అయాను (డోపెంటు) కాపురం చేస్తుంది. పాలీపిర్రోల్‌లో సుమారు మూడు వలయాలకు ఒక ఆవేశం ఉంటుంది. ఆ రుణ అయాను ఏదన్నదాని మీదే బట్ట ఆయుష్షు చాలావరకు ఆధారపడుతుంది. క్లోరైడు లాంటి చిన్న అయాను తేలిగ్గా జారిపోతుంది. ఆంత్రాక్వినోన్ సల్ఫోనేట్ లాంటి పెద్ద చదునైన అయాను గొలుసుల మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది.

పూత పట్టించే తీరు

పాలీపిర్రోల్ దేనిలోనూ కరగదు, వేడి చేస్తే మెత్తబడదు. తయారైన దాన్ని రంగులా పులమడం కుదరదు. అందుకే పోగు మీదే పుట్టించాలి. అమెరికాలో మిల్లికెన్ అనే వస్త్ర సంస్థలో హాన్స్ కూన్, ఆయన సహచరులు 1980ల చివర్లో ఈ పద్ధతిని పరిశ్రమ స్థాయికి తెచ్చారు, 1989లో పేటెంటు పొందారు. కాంటెక్స్ అనే పేరుతో వచ్చిన ఆ బట్ట స్థిర విద్యుత్తును పోగొట్టడానికి, రాడార్ తరంగాలను మింగడానికి పనికొచ్చింది.

పని చూడటానికి అద్దకం తొట్టె దగ్గర జరిగేదిలాగే ఉంటుంది. బట్టను శుభ్రంగా ఉడికించి నూనె, గంజి పోగొడతారు. పిర్రోల్ కలిపిన నీళ్లలో, డోపెంటు లవణంతో సహా, నాననిస్తారు. తరువాత ఫెర్రిక్ క్లోరైడు ద్రావణం పోస్తారు. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ఇది సర్క్యూట్ బోర్డు మీది రాగిని తినేసే గోధుమరంగు ద్రవంగా పరిచయమే. కొద్ది నిమిషాల్లో తొట్టె ముదురుతుంది, తెల్లబట్ట బూడిదరంగుకు, ఆపై బొగ్గు నలుపుకు తిరుగుతుంది. తొట్టెను మంచుతో సున్నా నుంచి 5 డిగ్రీల మధ్య ఉంచితే చర్య నెమ్మదిగా సాగి పూత నునుపుగా, గట్టిగా వస్తుంది. తొందరపడితే పాలిమర్ నీళ్లలోనే పొడిగా రాలి, బట్టకు మసిలా అంటి, చేయి తగిలితే ఊడుతుంది. వేడి పుట్టించే బట్టను చలిలో చేయాల్సి రావడం ఈ పనిలోని చమత్కారం.

ఇక్కడ ఇనుము చేసే పని గమనించాలి. ఒక్కో పిర్రోల్ వలయం గొలుసులో చేరాలంటే రెండు ఎలక్ట్రాన్లు వదులుకోవాలి. డోపింగ్‌కు వలయానికి సగటున మరో మూడో వంతు పోతుంది. మొత్తం 2.33. ఒక్కో ఫెర్రిక్ అయాను ఒక్క ఎలక్ట్రానే తీసుకోగలదు కాబట్టి పిర్రోల్ ఒక పాలుకు ఫెర్రిక్ లవణం 2.3 పాళ్లు వేయడం ఆనవాయితీ. బెషాం పద్ధతిలో ఇనుము ఎలక్ట్రాన్లను ఇచ్చి అనిలీన్‌ను చేసింది. ఇక్కడ అదే ఇనుము ఎలక్ట్రాన్లను లాక్కుని పాలీపిర్రోల్‌ను చేస్తోంది. ఆ ఫెర్రిక్ క్లోరైడు కూడా తరచు ఉక్కు పరిశ్రమ నుంచే వస్తుంది. రేకుల మిల్లుల్లో పొలుసు తుప్పును హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగాక మిగిలే ఇనుప ద్రవం దానికి ముడిసరుకు.

ఆవిరి పద్ధతి మరొకటి ఉంది. బట్టను ఫెర్రిక్ లవణంలో ముంచి ఆరబెట్టి, పిర్రోల్ ఆవిరి నిండిన పెట్టెలో వేలాడదీస్తారు. పూత సమంగా వస్తుంది, నీటి వాడకం తగ్గుతుంది. పెడాట్‌ను మాత్రం పాలీస్టైరీన్ సల్ఫోనేట్‌తో కలిపి నీళ్లలో చెదిరిన నీలి ద్రవంగా అమ్ముతారు. దాన్ని అచ్చు వేయవచ్చు, రోలర్ల మధ్య పిండి పట్టించవచ్చు. సౌకర్యం ఎక్కువ, ఖరీదూ ఎక్కువే.

పూత మందం సాధారణంగా మైక్రాను లోపే. అందుకే బట్ట మెత్తదనం, గాలి ఆడటం పెద్దగా చెడవు. ఉన్ని, పట్టు, నూలు పోగుల మీదున్న రసాయన సమూహాలు పాలీపిర్రోల్‌తో హైడ్రోజన్ బంధాలు వేసుకుంటాయి కాబట్టి వాటికి పూత బాగా పడుతుంది. పాలిస్టర్ నున్నగా ఉంటుంది. ప్లాస్మాతో గానీ క్షారంతో గానీ దాని ముఖం గరుకు చేస్తే పట్టు పెరుగుతుంది.

చెడ్డ వాహకం కావడమే మేలు

రాగితో పోల్చితే పాలీపిర్రోల్ వాహకత చాలా తక్కువ, వేల నుంచి లక్షల రెట్లు తక్కువ. తీగగా పనికిరాని ఈ గుణమే వేడికి వరం. పాత ఎలక్ట్రిక్ దుప్పట్లలో, రెండో ప్రపంచయుద్ధపు విమానచోదకుల సూట్లలో సన్నని తీగలు కుట్టేవారు. తీగ ఉన్నచోట చుర్రుమంటుంది, లేనిచోట చల్లన. మోచేయి దగ్గర తీగ ఒకచోట తెగితే ఆ వరుసంతా చస్తుంది. పాలిమర్ పూసిన బట్టలో ప్రతి పోగూ కాస్త కాస్త వేడెక్కుతుంది. మధ్యలో చిల్లు పడినా కరెంటు దాన్ని చుట్టి పోతుంది. చిల్లు అంచున మాత్రం కాస్త ఎక్కువ వేడి పుడుతుంది, తయారీదారు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

బట్ట నిరోధాన్ని చదరానికి ఇన్ని ఓములు అని కొలుస్తారు. చేతిరుమాలంత చదరమైనా, దుప్పటంత చదరమైనా ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు నిరోధం ఒక్కటే. పొడవు పెరిగినంత మేర వెడల్పూ పెరుగుతుంది కాబట్టి. మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు, మీటరు పెట్టి చూస్తేగానీ.

చదరానికి 100 ఓములున్న 30 సెంటీమీటర్ల చదరపు ముక్క తీసుకుందాం. రెండు ఎదురెదురు అంచులకు రాగి పట్టీలు కుట్టి, రెండు లిథియం సెల్లుల బ్యాటరీ ఇచ్చే 7.4 వోల్టులు పెడితే పుట్టే వేడి అర వాటు పైచిలుకు. అది చీమకు కూడా చాలదు. వోల్టేజి పెంచడం ఒక దారి. 24 వోల్టులకు 5.76 వాట్లు వస్తాయి. గోడ ప్లగ్గులోని 230 వోల్టులకైతే 529 వాట్లు వస్తాయి గానీ చెమటతో తడిసే బట్టలో ఆ మాటే ఎత్తకూడదు. తెలివైన దారి పట్టీల సంఖ్య పెంచడం. ప్రతి 5 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఏడు పట్టీలు కుట్టి, వాటిని ఒకటి విడిచి ఒకటి ప్లస్‌కూ మైనస్‌కూ కలిపితే ముక్క ఆరు సమాంతర చీలికలవుతుంది. ఒక్కో చీలిక నిరోధం 16.7 ఓములు, ఆరూ కలిసి 2.8 ఓములు. అదే 7.4 వోల్టులకు ఇప్పుడు దాదాపు 20 వాట్లు, అంటే 36 రెట్లు. వీపంతా వెచ్చబడుతుంది. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 37 వాట్ అవర్లు కాబట్టి ఆ వెచ్చదనం రెండు గంటలలోపే ఆరిపోతుంది. ఆపకుండా కాకుండా విడతలు విడతలుగా కరెంటు ఇచ్చే చిన్న నియంత్రణ పరికరం పెడితే ఇంకాస్త లాగవచ్చు. ఎముకలు కొరికే చలిలో లిథియం బ్యాటరీ తానే నీరసపడుతుంది, దాన్ని ఒంటికి దగ్గరగా జేబులో దాచుకోవాలి. వేడి బట్టకు నిజమైన హద్దు బట్ట కాదు, బ్యాటరీ.

పట్టీ బట్టను తాకే చోటు మరో బలహీనత. పోగుల మీద పట్టీ సరిగా ఆనకపోతే అక్కడే నిరోధం పేరుకుని, అంచు కాలి మధ్య చల్లగా ఉంటుంది. వెండి పేస్టు పూయడం, రాగి రేకు అంటించడం, స్టెయిన్‌లెస్ స్టీలు నూలుతో కుట్టడం వాడుకలో ఉన్న పద్ధతులు. మైక్రాన్ల మందం పోగులుగా లాగిన ఉక్కును నూలులా వడికి కుట్టుమిషను మీద వాడతారంటే పట్టాలు చేసే ఊళ్లో కొందరైనా నవ్వుతారు. కానీ అది బజార్లో దొరికే సరుకే.

ఇంకొక చిక్కు వేడెక్కినప్పటి నడవడి. లోహం వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, కరెంటు కాస్త తగ్గుతుంది, అదో సహజమైన పగ్గం. పాలీపిర్రోల్‌లో ఆవేశం గొలుసు నుంచి గొలుసుకు గెంతుతూ పోతుంది, వేడి ఆ గెంతులకు సాయం చేస్తుంది. కాబట్టి బట్ట వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గి, కరెంటు పెరిగి, ఇంకా వేడెక్కాలని చూస్తుంది. పగ్గం బయటినుంచే వేయాలి. ఉష్ణోగ్రత కొలిచే సెన్సారు, ఫ్యూజు తప్పనిసరి.

ఎందుకు బజారుకు రాలేదు

ఇన్ని సుగుణాలున్న బట్ట ఇప్పటిదాకా ప్రతి చలికోటులోనూ ఎందుకు లేదు? చాకలి రేవు దగ్గర ఓడిపోతుంది కాబట్టి. బట్టల సబ్బు క్షారం. క్షారం తగిలితే డోపెంటు జారిపోతుంది. పాలీఅనిలీన్‌లో ఇది కంటికే కనిపిస్తుంది. కరెంటు పారే ఆకుపచ్చ లవణం సబ్బు నీళ్లలో నీలి రూపానికి మారి నోరు మూసుకుంటుంది. పాలీపిర్రోల్ అంత తొందరగా లొంగదు గానీ, ఉతుకు, రుద్దుడు, చెమట, గాలిలోని ఆక్సిజను, తేమ కలిసి దాన్నీ అరగదీస్తాయి. పైగా దాని వేడే దాని వయసును తరుగుతుంది. ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయంలో ఆకిఫ్ కైనాక్, హాకాన్సన్ తదితరులు 2000ల తొలి సంవత్సరాల్లో పాలీపిర్రోల్ పూసిన కృత్రిమ వస్త్రాలను స్థిర వోల్టేజి కింద పెట్టి చూసినప్పుడు, కాలం గడిచేకొద్దీ కరెంటు తగ్గుతూ పోయింది. ఆంత్రాక్వినోన్ సల్ఫోనేట్ డోపెంటుగా ఉన్న బట్ట మిగతావాటికంటే మెరుగ్గా నిలిచింది. వోల్టేజి మారనప్పుడు వాహకత సగమైతే వేడీ సగమే. బట్ట ఒక్కసారిగా చావదు, ఏడాదికేడాది చల్లబడుతుంది. కొన్నవాడికి ఇది మరీ చిరాకు.

మన దేశంలో జలంధర్ నిట్ వస్త్ర సాంకేతిక విభాగంలో శుభంకర్ మైతీ, అరవిందో చటర్జీ ఈ అంశం మీద వరుసగా పనిచేశారు. వేడి పుట్టించే పాలీపిర్రోల్ బట్టల మీద వారి వ్యాసం 2014లో వచ్చింది. నేసిన బట్టలతోపాటు నేయని బట్టలనూ, అంటే పోగులను సూదులతో గుచ్చి నొక్కి చేసే నాన్‌వోవెన్లనూ, వారు తీసుకున్నారు. నేయని బట్ట చవక, దుప్పటి లోపలి పొరగా సరిపోతుంది, దాన్ని రోజూ ఉతికే పని లేదు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఎస్. పళనియప్పన్ బృందం దశాబ్దాలపాటు పాలీఅనిలీన్ లవణాల తయారీ, స్థిరత్వం మీద పరిశోధన చేసింది. అది బట్టల కోసం చేసింది కాదు. కానీ ఏ ఆమ్లం డోపెంటుగా ఉంటే పాలీఅనిలీన్ ఎక్కువ వేడికి తట్టుకుంటుందన్న ప్రశ్న వారిదీ బట్టలవాళ్లదీ ఒకటే.

ఈలోగా బజారును వేరేవాళ్లు పట్టుకుపోయారు. ఇవాళ వేడి జాకెట్ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువభాగం కార్బన్ పోగుల పట్టీలు, లేదంటే సన్న లోహపు తీగలు. కార్బన్ నానో గొట్టాలు, గ్రాఫీన్, వెండి నానో తీగలు, ఎంక్సీన్‌లు అనే పలచని లోహ కార్బైడు రేకులు ప్రయోగశాలల్లో పాలీపిర్రోల్‌కు పోటీగా వచ్చాయి. వాటిలో చాలావాటికి బట్టను అంటిపెట్టుకోవడానికి మళ్లీ ఏదో ఒక పాలిమర్ జిగురు కావాలి. రెండు తరాలనూ కలిపి, కార్బన్ మీద పాలీపిర్రోల్, పాలీపిర్రోల్ మీద సిలికాన్ రబ్బరు పొర అన్న తీరులో చేసే ప్రయత్నాలు నడుస్తున్నాయి. పైపొర వేస్తే ఉతుకు సమస్య చాలావరకు తీరుతుంది. బట్ట మాత్రం బట్టలా కాక రెగ్జిన్‌లా తయారవుతుంది.

నా అంచనాలో దీని అసలు చోటు ఒంటిమీద తొడిగే చొక్కా కాదు. ఉతకనవసరం లేని, తుడిస్తే సరిపోయే చోట్లు: వాహనాల సీట్ల లోపలి పొర, ఆపరేషన్ థియేటరులో రోగి కింద పరిచే మెత్త, మోకాళ్ల నొప్పులకు కట్టుకునే పట్టీ, గుడారం నేల, నీటిగొట్టాల చుట్టు.

చలి ఉన్నచోట

భిలాయిలో డిసెంబరు రాత్రి షిఫ్టుకు సైకిలు మీద పోయేవాడికి మఫ్లరు చాలు. అదే రాష్ట్రంలో ఉత్తరాన సర్గుజా కొండల మీద, వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న మైన్‌పాట్‌లో చలి ముదురు. 1960ల మొదట్లో అక్కడ టిబెటన్ శరణార్థుల కాలనీ వెలిసింది. చలికాలం వస్తే మన తెలుగు పట్టణాల పేవ్‌మెంట్ల మీద స్వెట్టర్లు పరిచే టిబెటన్లు ఇలాంటి కాలనీల వాళ్లే. మనకు లంబసింగి ఉంది. అక్కడ సున్నా దగ్గరికి దిగే తెల్లవారుజామున జనం చేసేది నెగడు వేసుకోవడం. కాశ్మీరులో మట్టి పిడతలో నిప్పులు పోసి, వెదురు బుట్టలో పెట్టి, ఫెరన్ అంగీ లోపల ఒంటికి ఆనించుకుంటారు. దాన్ని కాంగ్డీ అంటారు. ఏళ్ల తరబడి పొట్ట, తొడల చర్మం అలా కాగుతూ ఉండటం వల్ల వచ్చే చర్మ క్యాన్సరుకు వైద్య గ్రంథాల్లో కాంగ్డీ క్యాన్సర్ అనే పేరుంది.

విద్యుత్ బట్ట కాంగ్డీకంటే మేలే గానీ అదే హెచ్చరిక దీనికీ వర్తిస్తుంది. వేడి తక్కువగా అనిపించినా ఎక్కువసేపు తగిలితే చర్మం కాలుతుంది. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ చేసిన ప్రయోగాల్లో 44 డిగ్రీల వేడి ఆరు గంటలపాటు ఆనితే చాలు, చర్మం దెబ్బతింది. చేతికి ఓర్చుకోదగ్గ వేడిగానే తోచే ఉష్ణోగ్రత అది. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి, మత్తులో ఉన్న రోగికి, పసిపాపకు ఆ సంగతి చెప్పే నరం పనిచేయదు, లేదా చెప్పే నోరుండదు. అందుకే వైద్యపు మెత్తల్లో సెన్సారు చర్మం పక్కనే ఉండాలి, బ్యాటరీ పక్కన కాదు.

తయారీ దగ్గర జాగ్రత్తలు వేరు. పిర్రోల్ ఆవిరి పీల్చదగింది కాదు, అనిలీన్ చర్మం గుండా ఒంట్లోకి పోయి రక్తాన్ని దెబ్బతీస్తుంది. ఫెర్రిక్ క్లోరైడు ఇనుప తొట్టెనే తినేస్తుంది, కాబట్టి పని ప్లాస్టిక్ తొట్టెల్లో సాగాలి. పూత అయ్యాక మిగిలేది పులుపెక్కిన, నల్లపొడి తేలే, ఫెర్రస్ ఇనుము నిండిన నీళ్లు. సున్నం వేసి తటస్థం చేస్తే ఇనుము ఆకుపచ్చ బురదగా అడుగుకు దిగుతుంది. గాలి తగిలి రెండు రోజుల్లో అది తుప్పు రంగుకు మారుతుంది.